రెండో వరుస అక్క

నవ్వడం కూడా ఒక పనేనా అని మూతి విరిచేవాళ్ళుంటారు. వాళ్ళతో వాదించి లాభం లేదు. ఓ సాయంత్రం టైర్ల షాపు మీదున్న నాటకాల గదికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాలి. రెండో వరుస అక్క వచ్చిన రోజుకీ రాని రోజుకీ తేడా ఎంతో వాళ్ళ చెవులతో వాళ్ళనే విననివ్వాలి. ఆ తర్వాత వాళ్ళంతట వాళ్ళే నోరు మూసుకుంటారు.

గది అంటే గదే. కింద పాత టైర్లకు కొత్త రబ్బరు అతికే షాపు, పక్కనుంచి ఇనప మెట్లు, పైన ఒకప్పుడు గోడౌనుగా వాడిన పొడుగాటి గది. ఒక కొసన చెక్క బల్లలు కలిపి బిగించిన వేదిక, వెనక నల్లటి దుప్పట్లతో కుట్టిన తెర, ముందు ఎక్కడెక్కడి నుంచో పోగైన, ఏ రెండూ ఒక రంగు కాని ప్లాస్టిక్ కుర్చీలు. ఫ్యాన్లున్నాయి గానీ, అవి తిరిగితే నటుల మాట వినపడదని నాటకం మొదలవగానే ఆపేస్తారు. ఎండాకాలంలో జనం చేతిలో ఏది ఉంటే దాంతో విసురుకుంటూ చూస్తారు. రబ్బరు కాలిన వాసనకి మాత్రం నాటకంతో నిమిత్తం లేదు, అది వస్తూనే ఉంటుంది.

అక్కడ ఆడేవన్నీ నవ్వు నాటకాలు. రాసేదీ ఆడేదీ చుట్టుపక్కల వీధులవాళ్ళే. ఒక బ్యాంకు గుమాస్తా, కళ్ళజోళ్ళ షాపావిడ, రంగుల షాపులో డబ్బాల్లో రంగులు కలిపి ఇచ్చేవాడు, ఇలాంటివాళ్ళు. వీళ్ళందరినీ కూడగట్టి, తిట్టి, బతిమాలి నడిపించేది భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. ఆ రంగులు కలిపేవాడే మన అక్కకు సొంత తమ్ముడు.

పగలంతా అక్క ఆసుపత్రిలో చెవుల పరీక్ష చేస్తుంది. గాజు కిటికీ ఉన్న పెట్టెలాంటి చిన్న గది, అందులో పేషెంటు. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక బటను. బయట కూర్చుని అక్క సన్నసన్నటి చప్పుళ్ళు పంపుతుంది. వినపడితే నొక్కాలి, వినపడకపోతే ఊరుకోవాలి. ఇంతకన్నా తేలికైన పని ఉండదు, కానీ దాన్ని కూడా మనుషులు తిన్నగా చేయరు. చెవి మందగించిందని ఒప్పుకోవడం నామోషీ అనుకుని కొందరు, ఈ అమ్మాయి ఇంత కష్టపడుతోంది కదా అని జాలిపడి కొందరు, ఊరికే నొక్కేస్తుంటారు. అప్పుడు అక్క చప్పుడు ఆపేసి, చేతులు కట్టుకుని కిటికీలోంచి చూస్తుంది. అవతల బటను టకటకా పడుతూనే ఉంటుంది.

తలుపు తీసి, “ఏం బాబాయ్, నేను పంపనివి కూడా వినపడుతున్నాయే నీకు,” అంటుంది. “నా కోసం నొక్కకు. రేపు రోడ్డు మీద హారన్ వినపడాల్సింది నీకు.”

బాబాయిలూ పిన్నులూ తలొంచుకుని నవ్వుతారు. మళ్ళీ మొదటినుంచి పరీక్ష. ఈ విషయంలో అక్క దగ్గర మొహమాటాలేమీ పనిచేయవు.

ఇక ఆమె నవ్వు సంగతి. అది ముందు ముక్కులో సన్నగా మొదలవుతుంది. ఓ క్షణం ఆగుతుంది. పోనీలే తుమ్ము కాబోలు అని పక్కవాళ్ళు సర్దుకునేలోపే గొంతులోంచి దబ్బున పడి గదంతా దొర్లుతుంది. చిన్నప్పుడు ఆ నవ్వు మూలంగా అమ్మ చేత తిన్న మొట్టికాయలకు లెక్కలేదు. “నలుగురూ వింటారే,” అని అమ్మ గోల. పెళ్ళయ్యాక భర్త, పాపం, పల్లెత్తు మాట అనలేదు గానీ సినిమాకి వెళ్తే రెండు కుర్చీలు అవతల కూర్చునేవాడు. ఆసుపత్రిలో సరేసరి, అక్కడ నిశ్శబ్దమే ఉద్యోగం.

ఆ నవ్వుకి ఒక చోటంటూ దొరికింది ఈ గదిలోనే, అదీ తమ్ముడి పుణ్యమా అని. అమ్మ పోయాక వాడిని పెంచి పెద్ద చేసింది అక్కే. వాడికి నాటకాల పిచ్చి పట్టినప్పుడు మొదట ఇచ్చిన వేషం బంట్రోతు. ఫైలు ఇవ్వాలి, తలుపు తీసుకుని వెళ్ళిపోవాలి, అంతే. వేదిక మీద తలుపు పక్కనే ఒక బీరువా కూడా పెట్టారు. వాడు ఫైలిచ్చి, వంగి దణ్ణం పెట్టి, దర్జాగా బీరువా తలుపు తీసుకుని అందులోకి వెళ్ళిపోయాడు. పొరపాటు తెలిసొచ్చాక బయటికి రావడానికి సిగ్గేసి లోపలే ఉండిపోయాడు. ఆఖరి రంగంలో యజమానురాలి వేషంలో ఉన్న కళ్ళజోళ్ళ షాపావిడ శాలువా కోసం బీరువా తెరిస్తే, చెమటతో ముద్దైపోయిన మనిషి శాలువా మడతపెట్టి అందిస్తూ, “ఇదిగోండి మేడమ్,” అన్నాడు.

అప్పుడు రెండో వరుసలోంచి లేచింది ఆ నవ్వు. దాని వెనక మొదటి వరుస, మూడో వరుస, తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు, తెర వెనక నటులు, కింద షాపులో టైరు పట్టుకున్నవాడితో సహా అందరూ పొట్ట పట్టుకున్నారు. నాటకం అయ్యాక మాస్టారు వేదిక దిగి తిన్నగా ఆమె దగ్గరికి వచ్చారు.

“అమ్మాయ్, నువ్వెవరో నాకు తెలీదు. కానీ ఇక్కడ ప్రతి నాటకానికీ నువ్వు రావాలి,” అన్నారు.

అలా మొదలైంది. రానురాను ఆ గదివాళ్ళకి అదొక ఆచారమే అయిపోయింది. కొత్త నాటకం మొదటిసారి ఆడబోయే ముందురోజు, అక్కని ఒక్కదాన్నే రెండో వరుసలో కూర్చోబెట్టి మొత్తం ఆడి చూపిస్తారు. ఆమె నవ్విన చోట మర్నాడు నటులు ఆగాలి, జనం నవ్వు చల్లారేదాకా తర్వాతి మాట అనకూడదు. ఆమె నవ్వని చోట మాస్టారు మాట మారుస్తారు, లేదంటే కోసిపారేస్తారు. ఓసారి బ్యాంకు గుమాస్తా తనకెంతో ఇష్టమైన మాట పోయేలా ఉందని బతిమాలుకున్నాడు.

“కొంచెం నవ్వక్కా, నీ సొమ్మేం పోతుంది?”

“నాకేం పోదు. రేపు జనం ముందు నీ పరువు పోతుంది,” అంది అక్క. ఆ మాట కోసేశారు.

అదీ ఆమె గొప్ప. రాని నవ్వు నవ్వదని అందరికీ తెలుసు కాబట్టే ఆమె నవ్వుకి అంత విలువ. తనకూ తెలుసు. ఇనప మెట్లెక్కుతుంటే ఎవరో ఒకరు “అక్క వచ్చింది” అని లోపలికి కబురందిస్తారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆమె నడుము నిటారుగా అయ్యేది. గర్వమా అంటే గర్వమే, దాచుకోవడం ఎందుకు.

అన్నేళ్ళూ తమ్ముడికి పడ్డవన్నీ చిల్లర వేషాలే. పోస్టుమాను, పక్కింటాయన, ఫోనులో గొంతు. ప్రధాన వేషాలన్నీ గుమాస్తావే. ఈసారి మాస్టారికి ఏం తోచిందో, “రంగులవాడికి ఇచ్చి చూద్దాం,” అన్నారు. నాటకంలో వాడు ఇల్లుగలాయన. పక్క వాటాలోంచి, అద్దెకున్నవాళ్ళను ఖాళీ చేయమని చెప్పడానికి వస్తాడు. మహా మొహమాటస్తుడు. “అసలు నేనొచ్చిన పనేంటంటే” అని మొదలెడతాడు, ఈలోగా వాళ్ళేదో పని అప్పజెబుతారు. కుళాయి బాగుచేస్తాడు, పిల్లాణ్ణి ఆడిస్తాడు, గోడకి మేకు కొడతాడు. చివరికి సామాను సర్దుకుని తనే ఖాళీ చేసి వెళ్ళిపోతాడు.

వేషమైతే ఇచ్చారు గానీ మాస్టారు ఒక మెలిక పెట్టారు. మొదటి రోజు వాడు జనాన్ని నవ్వించగలిగితే వాడిదే వేషం. లేకపోతే రెండో రోజు నుంచి గుమాస్తా వేస్తాడు, అతనికి మాటలన్నీ కంఠతా వచ్చు.

“ఇది కూడా పోతే మళ్ళీ బీరువాలోకేనక్కా,” అన్నాడు తమ్ముడు. నవ్వుతూనే అన్నాడు గానీ, వాడికి అన్నం సయించడం లేదని అక్క కనిపెట్టింది.

ముందురోజు పరీక్ష జరిగింది. తమ్ముడు వేదిక మీదికొచ్చి మొదటిసారి “అసలు నేనొచ్చిన పనేంటంటే” అన్నాడు. అని, అక్క మొహంలోకి చూశాడు. అక్కకి నవ్వు రాలేదు. వాడు తొందరపడుతున్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిప్పలు పడుతున్నాడు. స్కూల్లో పద్యం మర్చిపోయి అందరి ముందూ నిలబడిపోయిన రోజు ఎలాంటి మొహం పెట్టాడో, ఇప్పుడూ అదే మొహం. ఏం చేస్తున్నదో తనకే తెలిసేలోపు నవ్వేసింది.

వాడి మొహం విప్పారింది. ఆ ఉత్సాహం చూసి ఇంకోచోట నవ్వింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. కుళాయి దగ్గర నవ్వింది, మేకు దగ్గర నవ్వింది, వాడు మాట పూర్తి చేయకముందే నవ్విన సందర్భాలు కూడా ఉన్నాయి. ప్రతి నవ్వు దగ్గరా తమ్ముడు శ్రద్ధగా ఆగాడు. అయిపోయాక వేదిక మీదనుంచే, “బాగుందా అక్కా?” అన్నాడు. “అదిరిపోయింది,” అంది.

ఆమె మెట్లు దిగబోతుంటే మాస్టారు వెనకే వచ్చి రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు.

“అమ్మాయ్, ఒక్కమాట. ఇవాళ నువ్వు ఊరికే నొక్కావు కదూ?”

ఆసుపత్రి కబుర్లన్నీ ఆయనకి చెప్పింది తనే. అక్కకి తల కొట్టేసినట్టయింది.

“మా తమ్ముడు కదా మాస్టారూ,” అంది.

“అందుకే అడుగుతున్నా. వాడు నువ్వు నవ్విన చోటల్లా ఆగడం నేర్చుకున్నాడు. రేపు అక్కడ ఎవరూ నవ్వరు. ఆగిన చోటల్లా గొయ్యే.”

“అయితే ఇప్పుడే వెళ్ళి వాడికి చెప్పేస్తాను.”

“చెబితే రేపు వేదిక ఎక్కనే ఎక్కడు. నాకు వాడి సంగతి తెలుసు.” మాస్టారు గొంతు తగ్గించారు. “రేపు నువ్వు రెండో వరుసలో కూర్చోకు. వెనక్కి పో. నవ్వకు. నిజంగా నవ్వొచ్చినా సరే నవ్వకు. నీ గొంతు వినపడిందా, వాడు నీకోసమే ఆడతాడు. వాడు జనం వైపు చూడాలమ్మా.”

“నావల్ల కాదు.”

“కాకపోతే రాకు.”

ఎన్నేళ్ళుగానో ఆ గదిలో మొదటి రోజు నాటకం ఒక్కటీ మానని మనిషిని పట్టుకుని రాకు అనడమా. అక్కకి ఒళ్ళు మండిపోయింది. బస్సులో దారి పొడుగునా మాస్టారితో మనసులోనే దెబ్బలాడింది. ఇంటికెళ్ళి భర్తకి చెబితే ఆయన అంతా విని, “మాస్టారు చెప్పింది సబబే,” అన్నాడు. ఆ పూటకి ఆయనతో కూడా మాటల్లేవు. కానీ మర్నాడు ఆసుపత్రిలో ఒక పెద్దావిడ, అక్క పంపని చప్పుడుకి బటను నొక్కుతూ, కిటికీలోంచి ఆమె వంక చూసి ప్రేమగా నవ్వుతుంటే, అక్కకి కోప్పడటానికి మొహం చెల్లలేదు.

సాయంత్రం వెళ్ళింది. గది నిండింది. రెండో వరుసలో తన కుర్చీలో ఎవరో పెద్ద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అక్క ఆఖరి వరుసలో స్విచ్‌బోర్డు పక్కన ఒక భారీ మనిషి వెనక ఒదిగింది. ఫ్యాన్లు ఆగాయి, లైట్లు తగ్గాయి, తెర జరిగింది.

తమ్ముడు వచ్చాడు. అద్దెకున్నావిడ వేషంలో కళ్ళజోళ్ళ షాపావిడ కుర్చీ వేసింది. వాడు కూర్చుని, గొంతు సవరించుకుని, “అసలు నేనొచ్చిన పనేంటంటే,” అన్నాడు.

ఆగాడు.

ఏమీ రాలేదు. ఎవరో దగ్గారు. వాడు రెండో వరుస వైపు చూశాడు. అక్కడ సంచీ కనపడింది, అక్క కనపడలేదు. ఆ క్షణంలో వాడి కళ్ళల్లోంచి ప్రాణం పోవడం ఆఖరి వరుసలోంచి కూడా కనిపించింది. కళ్ళజోళ్ళ షాపావిడ ఆదుకోవాలని నోరు తెరిచింది, కానీ తర్వాతి మాట తనది కాదు. తెర సందులోంచి గుమాస్తా తొంగిచూశాడు. అక్కకి తెలుసు, ఇప్పుడు తను ఒక్కటంటే ఒక్క నవ్వు నవ్వితే చాలు, గదిలో సగంమంది అందుకుంటారు. వాడు గట్టెక్కుతాడు. నవ్వు గొంతుదాకా తెచ్చుకుంది కూడా. ఒక్క నవ్వుకే కదా, ఎవరికేం నష్టం అనిపించింది. కానీ ఈ ఒక్కటీ నవ్వితే రేపూ నవ్వాలి, ఎల్లుండీ నవ్వాలి, జీవితమంతా వాడు నవ్వు కోసం రెండో వరుసలోనే వెతుక్కుంటాడు. గుప్పెట్లు బిగించుకుని కూర్చుంది. వాడిని ఎత్తుకు పెంచిన చేతులు, ఊరికే కూర్చోమంటే కూర్చుంటాయా.

వేదిక మీద తమ్ముడు ఎవరూ లేని మనిషిలా అటూ ఇటూ చూశాడు. చూసి చూసి, కళ్ళజోళ్ళ షాపావిడ వైపు తిరిగి, నిజంగానే తెలియనివాడిలా, నిజంగానే ఆవిడకి తెలిసుంటుందని ఆశపడుతున్నట్టుగా, మెల్లిగా అడిగాడు.

“అసలు నేనెందుకొచ్చానండీ?”

ఈ మాట నాటకంలో లేదు. నాలుగో వరుసలో ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. పక్కన ఇంకెవరో. కళ్ళజోళ్ళ షాపావిడ తక్కువ తినలేదు. “కుళాయి బాగుచేయడానికి,” అనేసింది. వాడు ఎంతో ఊరట పడిపోయి, “అదీ,” అని చొక్కా చేతులు పైకి మడిచాడు. దాంతో గది మొత్తం భళ్ళుమంది.

ఇక అక్కడినుంచి వాడిని పట్టుకునేవాడు లేడు. అక్క నవ్విన చోట్లు, అక్క నవ్వని చోట్లు అన్నీ గాలికి వదిలేశాడు. జనం నవ్వితే ఆగాడు, నవ్వకపోతే సాగాడు. మేకు కొట్టడానికి వచ్చి, ఆ ఇంటి గోడ తన సొంత గోడే అని గుర్తొచ్చి, సుత్తి ఎత్తిన చేయి అలాగే పెట్టుకుని గోడని చేత్తో నిమిరాడు చూడండి, అప్పుడు అక్కకి నిజమైన నవ్వు ముంచుకొచ్చింది. ఆపడం ఎంత కష్టమో తెలిసింది. జేబురుమాలు మొత్తం నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి, కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి.

ముందున్న భారీ మనిషి వెనక్కి తిరిగి చూసి కంగారుపడ్డాడు.

“ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?”

అక్క తల అడ్డంగా ఊపింది. ఆయన జాలిపడి తన నీళ్ళ సీసా ఇచ్చాడు. తాగితే నవ్వు బయటపడుతుందని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఈ గదిలో ఎన్నో నాటకాలు చూసింది, ఎందరినో గెలిపించింది. కానీ వాళ్ళెవరో వీళ్ళెవరో, ముక్కూ మొహం తెలియని జనం, తన ప్రమేయమేమీ లేకుండా తన తమ్ముడిని చూసి నవ్వుతుంటే వినడంలో ఉన్న గర్వం ఇంతకుముందు ఎరగదు. అది గుండెలో పట్టలేదు.

ఆట అయ్యాక జనం మెట్లు దిగుతూ, “అసలు నేనెందుకొచ్చానండీ,” అని ఒకరినొకరు అడుగుతూ పోయారు. గుమాస్తా వచ్చి తమ్ముడి భుజం తట్టాడని, మాస్టారు రేపటి ఆటకి వేషాలు రాసిన కాగితం మీద వాడి పేరు అలాగే ఉంచారని తర్వాత తెలిసింది. అక్క మాత్రం పైకి వెళ్ళలేదు. కింద షాపు ముందు, పేర్చి ఉన్న టైర్ల పక్కన నిలబడింది. కాసేపటికి తమ్ముడు సగం తుడిచిన రంగు మొహంతో దిగి వచ్చాడు.

“ఎక్కడ కూర్చున్నావు?”

“వెనక. స్విచ్‌బోర్డు దగ్గర.”

“నవ్వలేదు నువ్వు.”

“నవ్వలేదు.”

చెప్పాల్సింది తనే కాబట్టి అక్కే చెప్పింది. “నిన్న నేను నవ్వినవి నవ్వులు కావురా. నీ మొహం చూడలేక నవ్వాను. ఇన్నేళ్ళలో ఎవరికీ అలా చేయలేదు, నీకు చేశాను. నా మూలంగానే ఇవాళ అక్కడ అలా నిలబడిపోయావు.”

“తెలుసు,” అన్నాడు తమ్ముడు.

“ఏం తెలుసు?”

“నిన్ననే తెలుసు. పుట్టినప్పట్నుంచీ వింటున్నానక్కా నీ నవ్వు. ఏది వచ్చిందో ఏది తెచ్చుకున్నావో నాకు ఆ మాత్రం తెలీదా? అడిగితే ఆపేస్తావేమోనని భయమేసింది. అందుకే ఊరుకున్నా.” వాడు చొక్కా అంచుతో నుదుటి మీద మిగిలిన రంగు తుడుచుకున్నాడు. “రేపు నీ చోట్లోనే కూర్చో. నవ్వు రాకపోతే మాత్రం నవ్వకు. నాకేం కాదు.”

అక్క వాడి వంక చూసింది. పద్యం మర్చిపోయిన ఆ పిల్లాడి మొహం కోసం వెతికింది, దొరకలేదు.

“రేపు ఆ గోడ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగు,” అంది. “ఇవాళ అక్కడ నాకు ఊపిరాడలేదురా.”